ముప్పు పట్టికలో మొదటి వరుస దేనిది: భూకంపానిదా, పూడిపోయిన తూముదా?

పాతగోడ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. సుమారు 300 ఏళ్ల నాటి ఒక కట్టడాన్ని చూసుకునే చిన్న సంఘంలో నేనూ ఒకడిని. ఇటుక గోడలు, డంగు సున్నం, నడిమధ్య ఒక గుమ్మటం, లోపలి గోడల మీద బొమ్మలు. పక్క గదిలో నాలుగు బీరువాల నిండా రాతప్రతులు. కూతవేటు దూరంలో నది.

ప్రకృతి విపత్తుల వల్ల ఈ కట్టడానికి ఉన్న ముప్పును అంచనా వేసి పంపమని మాకు ఒక పట్టిక ఇచ్చారు. భూకంపం, వరద, తుపాను, పిడుగు, కొండచరియలు, కార్చిచ్చు. ఒక్కొక్కదాని ఎదుట ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గడులు. టిక్కు పెట్టాలి, అంతే.

పది మందిమి కూర్చున్నాం. తొమ్మిది మంది భూకంపానికి "ఎక్కువ" పెట్టమన్నారు. ఎందుకంటే, "వస్తే అంతా పోతుంది కదా" అన్నారు. పదో మనిషిని నేను. నా భయం వేరు. ప్రతి వానకాలం ఉత్తరపు గోడకు మోకాలెత్తు దాకా తడి ఎక్కుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఆ మేర బొమ్మల రంగు పొడిపొడిగా రాలుతుంది. పొద్దున్నే నేల ఊడిస్తే చీపురుకు నీలం అంటుతుంది. పట్టికలో దీనికి వరుసే లేదు. తడి విపత్తు కాదట.

ఎప్పుడో వచ్చే పెద్దదాన్నీ ఏటా వచ్చే చిన్నదాన్నీ ఒకే తక్కెడలో తూచేది ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

గుమ్మటం

నేను విద్యార్థిని, తప్పయితే మన్నించండి. ఆపద, ముప్పు, విపత్తు మూడూ ఒకటే కదా? పత్రికల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు.

లెక్కలపెట్టె

పత్రికల్లో వాడినా పరవాలేదు. పట్టికలో వాడితేనే చిక్కు. భూమి కదలడం, నది పొంగడం ఆపద. ఎవరూ లేని ఎడారిలో భూమి కదిలితే ఆపద ఉంది కానీ ముప్పు లేదు. ముప్పు పుట్టాలంటే మూడు కలవాలి: వచ్చే ఆపద, దాని దారిలో ఉన్న వస్తువు, ఆ వస్తువుకున్న బలహీనత. మొదటిది మన చేతిలో లేదు. కట్టడాన్ని ఎత్తుకుపోలేం కాబట్టి రెండోది కూడా దాదాపు లేనట్టే. మూడోది మాత్రం పూర్తిగా మనదే.

పాతగోడ గారూ, మీ మూడు గడుల పట్టికలో పెద్ద లోపం ఒకటుంది. "ఎక్కువ" అంటే తరచుగా వస్తుందనా, వస్తే ఎక్కువ పోతుందనా? మీ తొమ్మిది మందీ రెండో ప్రశ్నకు జవాబు చెప్పారు, మీరు మొదటిదానికి చెప్పారు. ప్రశ్నలే వేరైనప్పుడు తగవెక్కడిది?

నదివాలు

నది ఉందన్నారు కాబట్టి నేనూ ఒక మాట కలుపుతాను. "వందేళ్ల వరద" అనే పేరు చేసినంత చెరుపు ఏ వరదా చేయలేదు. అది విన్నవాళ్లు "మొన్ననే వచ్చింది, ఇక మన మనవల కాలానికే" అనుకుంటారు. దాని అర్థం ఏ ఏడాదికి ఆ ఏడాది నూటికి 1 వంతు అవకాశం అని. 30 ఏళ్లలో కనీసం ఒక్కసారి రావడానికి అవకాశం నూటికి 26. నాణెం రెండుసార్లు ఎగరేస్తే రెండుసార్లూ బొమ్మే పడడమంత. భూకంపాల లెక్కలో తరచూ కనిపించే 475 ఏళ్ల అంకె కూడా అలాంటిదే. 50 ఏళ్లలో నూటికి 10 వంతుల అవకాశం అనే మాటను తిప్పి రాస్తే వచ్చిన సంఖ్య అది. పైగా ఇవన్నీ గడిచిన వానల లెక్కలు. రాబోయే వానలు వాటిని పాటిస్తాయని ఎవరూ పూచీ పడలేదు.

ఫ్లారెన్స్ సంగతి చూడండి. 1333 నవంబరు 4న ఆర్నో నది ఊరిని ముంచింది. 1966లో సరిగ్గా అదే తేదీన మళ్లీ ముంచింది. పాత వరదల ఎత్తులు చెక్కిన రాతి పలకలు వీధి గోడల మీదే ఉన్నాయి. అయినా నది ఒడ్డునే ఉన్న జాతీయ గ్రంథాలయంలో విలువైన పుస్తకాలు నేలమాళిగలో, కింది అంతస్తులో ఉన్నాయి. పది లక్షలకు పైగా పుస్తకాలు, పత్రాలు తడిశాయి. ఒక్క నీరే అయితే కొంత నయం. చలికాలం ముందు కాబట్టి ఇళ్లను వెచ్చబరిచే నూనె ట్యాంకులు నిండుగా ఉన్నాయి. అవి పగిలి, నల్లటి నూనె బురదతో కలిసి గోడలకూ బొమ్మలకూ పట్టింది. ఏ పట్టికలోనైనా "నూనె ట్యాంకు" అని ఒక వరుస ఉంటుందా?

వెయ్యేళ్లు

మీరంతా లెక్కలు వేయండి, వద్దనను. కానీ కట్టినవాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు. రామప్ప గుడికి ఇసుక నింపిన పునాది, పైన నీటిలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరం. జపాన్‌లో హోర్యూజీ అయిదంతస్తుల చెక్క గోపురం 1,300 ఏళ్లుగా అంతటి భూకంపాల నేలలో నిలిచే ఉంది. పాతగోడ గారి కట్టడం 300 ఏళ్లు నిలిచింది. అంతకు మించిన పరీక్ష ఏ కంప్యూటర్ పెడుతుంది? పరీక్ష నెగ్గినవాడిని మళ్లీ పరీక్ష రాయమంటున్నారు మీరు.

లెక్కలపెట్టె

నెగ్గినవి మాత్రమే మన కళ్ల ముందున్నాయి. ఓడినవి వచ్చి సాక్ష్యం చెప్పవు.

ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియానే తీసుకోండి. 537లో పూర్తయింది. 557 నాటి భూకంపానికి దెబ్బతిని 558లో గుమ్మటం కూలింది. మళ్లీ కట్టినప్పుడు గుమ్మటాన్ని మునుపటికంటే ఎత్తుగా, వంపు పెంచి కట్టారు. తర్వాత 989లో కొంత, 1346లో కొంత పడింది. ఈనాడు మనం చూసి చేతులు జోడించేది మూడు నాలుగుసార్లు పడి లేచిన కట్టడానికి. కాఠ్మాండూలో ధరహరా స్తంభం 1934లో కూలింది, తిరిగి కట్టారు, 2015 ఏప్రిల్ 25న మళ్లీ కూలింది. పాతవాళ్లకు తెలుసు, నిజమే. వాళ్లకూ పడ్డాకే తెలిసింది.

ఇక 300 ఏళ్ల సంగతి. మీ దగ్గర పెద్ద కుదుపు 475 ఏళ్లకు ఒకటి అనుకుంటే, 300 ఏళ్లలో అది రాకుండా ఉండే అవకాశం నూటికి 53. అంటే మీ కట్టడం పరీక్ష నెగ్గిందో, అసలు పరీక్షే జరగలేదో చెప్పలేం.

సున్నంబట్టీ

వెయ్యేళ్లు గారిని ఒక్కసారిగా కొట్టిపారేయకండి. నా పని పాత గోడలతోనే. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగమే ముఖ్యం.

ఇరాన్‌లో బామ్ కోట. 2003 డిసెంబరు 26, తీవ్రత 6.6. పచ్చి ఇటుక కోట కుప్పకూలింది. తర్వాత వెళ్లి పరిశీలించినవారికి ఒక సంగతి కనిపించింది. ఏనాడూ ఎవరూ ముట్టుకోని పాత గోడలు కొన్ని మొండిగా నిలిచి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో బాగుచేసిన భాగాలే ఎక్కువగా పోయాయి. పాత మట్టికీ కొత్త మట్టికీ పొత్తు కుదరలేదు. దానికి తోడు లోపల చెదలు తిన్న గుల్లలు. మయన్మార్‌లో బగాన్ కూడా అంతే. 2016 ఆగస్టు 24న భూమి కదిలినప్పుడు దగ్గరదగ్గర 400 గుళ్లు దెబ్బతిన్నాయి. వాటిలో చాలాచోట్ల రాలినవి 1990ల నుంచి కొత్త ఇటుకతో కట్టిన పై భాగాలు.

అన్నిటికంటే నన్ను నిద్రపోనివ్వనిది కాష్ఠమండపం. కాఠ్మాండూకు ఆ పేరు వచ్చిందే దాని నుంచి. 2015లో నేలమట్టమైంది. పునాది బలహీనమేమోనని తవ్వి చూశారు. పునాది భేషుగ్గా ఉంది. మండపాన్ని మోసే నాలుగు ప్రధాన స్తంభాలకు అడుగున రాతి పీటలు ఉండాలి, స్తంభం కింది కొన పీటలో ఉన్న గుంటలో దిగాలి. మూడు దిగి ఉన్నాయి. నాలుగోది దిగలేదు. మునుపెప్పుడో మరమ్మతు చేసినవారు పాడైన పీటను మార్చకుండా పైన నేల పరిచేశారు. పైకి చూస్తే అన్నీ సమానమే. కొన్ని దశాబ్దాలు అది ఊరికే ఆని నిలబడింది. భూమి ఊగిన రోజున జారింది.

కాబట్టి పాతగోడ గారూ, భూకంప పటం పక్కన పెట్టి ఇది చెప్పండి. మీ కట్టడానికి ఇప్పటిదాకా ఎవరెవరు ఏమేం మరమ్మతులు చేశారు?

పాతగోడ

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇరవై ఏళ్ల కిందట గోడల అడుగున నడుమెత్తు దాకా సిమెంటు పూత పూయించాం. చెమ్మ ఆగుతుందని. అంతకు ముందే గుమ్మటం చుట్టూ ఉన్న చదును కప్పు కారుతుంటే మీద జానెడు మందాన కాంక్రీటు వేశారు. రెండూ మంచి మనసుతో చేసినవే. అడిగినవారెవరూ కాదనలేదు.

సున్నంబట్టీ

మంచి మనసు గోడకు తెలియదు.

సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది. నేలలోంచి ఎక్కిన తడి అడుగునే ఆరిపోతుంది. మీరు బయట సిమెంటుతో నోరు మూశారు. తడికి దారి లేక పైకి ఎక్కింది, లోపలి వైపు తిరిగింది. లోపల ఉన్నవి బొమ్మలు. తడితో పాటు ఉప్పు వస్తుంది. ఆరేటప్పుడు ఆ ఉప్పు గడ్డకట్టి రంగు పొరను వెనక నుంచి తోస్తుంది. మీ చీపురుకు అంటిన నీలం అదే.

కప్పు సంగతి ఇంకా చెడ్డది. కుదుపులో బరువే శత్రువు. ఎంత బరువు పైన ఉంటే అంత బలంగా గోడలను పక్కకు తోస్తుంది. ఇటలీలో అసిసి చర్చి కమాను కప్పులు 1997లో పడడానికి కారణాల్లో ఒకటి, ఆ కమానుల వెనక సందుల్లో శతాబ్దాలుగా పేరుకున్న రాళ్లూ రద్దూ. ఎవరో పైకప్పు బాగుచేశారు, మిగిలిన రద్దు కిందికి మోయడం ఎందుకని అక్కడే వదిలేశారు. అలా ఎందరో.

లెక్కలపెట్టె

సరే, ఇప్పుడు తక్కెడ కడదాం. ఇక్రోమ్ (సాంస్కృతిక సంపద పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ), కెనడా పరిరక్షణ సంస్థ కలిసి తీర్చిదిద్దిన ఏ-బీ-సీ పద్ధతి ఒకటుంది. పాతగోడ గారు అడిగిన ప్రశ్నకు అది సరిగ్గా సరిపోతుంది. మూడు ప్రశ్నలు, ఒక్కోదానికి 5 దాకా గుర్తులు.

మొదటిది, ఎంత తరచు? ఏటా జరిగితే 5, పదేళ్లకోసారి 4, వందేళ్లకు 3, వెయ్యేళ్లకు 2. రెండోది, తగిలిన వస్తువు విలువలో ఎంత పోతుంది? మొత్తం పోతే 5, పదో వంతు 4, నూరో వంతు 3, వెయ్యో వంతు 2. మూడోది, మొత్తం వారసత్వ విలువలో ఎంత మేర దానికి గురవుతుంది? అంతా అయితే 5, పదో వంతయితే 4, ఇలాగే. మూడూ కూడితే 15కు ఎంతో వస్తుంది.

మీ కట్టడానికి ఊహించి వేస్తున్నాను, అంకెలు మీరు దిద్దుకోండి. మొత్తం విలువలో కట్టడం సగం, బొమ్మలు నూటికి 30, రాతప్రతులు 20 అనుకుందాం.

భూకంపం: 475 ఏళ్లకోసారి అంటే 2.3. వస్తే నూటికి 30 వంతులు పోతుందనుకుంటే 4.5. అన్నీ గురవుతాయి కాబట్టి 5. మొత్తం 11.8.

గోడ తడి: ఏటా వస్తుంది, 5. ఏడాదికి బొమ్మల్లో వెయ్యో వంతు పోతుందనుకుంటే 2. బొమ్మలు మొత్తం విలువలో నూటికి 30 కాబట్టి 4.5. మొత్తం 11.5.

చూశారా, పట్టికలో వరుసే లేని తడి వెళ్లి భూకంపం పక్కన కూర్చుంది.

గుమ్మటం

11.8కీ 11.5కీ తేడా ఏముంది? రెండూ సమానమే అనుకోవచ్చా?

లెక్కలపెట్టె

అనుకోకూడదు, అందరూ జారే మెట్టు ఇదే. ఇవి సంవర్గమానాల గుర్తులు. ఒక అంకె తేడా అంటే పది రెట్లు, 0.3 తేడా అంటే రెండు రెట్లు. విడిగా గుణించి చూడండి: తడి వల్ల వందేళ్లలో మొత్తం విలువలో నూటికి సుమారు 3 వంతులు పోతాయి, భూకంపం వల్ల సగటున 6.

కానీ ఆ 11.8 ఎంత నమ్మకమైనది? నష్టం 30 వంతులన్నది నా ఊహ. 10 అయితే మొత్తం 11.3, అంతా కూలితే 12.3. తడి అంకెను మీరు పాత ఫోటోలు పక్కన పెట్టుకుని కొలవగలరు, భూకంపం అంకెను కొలవలేరు. అందుకే ఒక్క అంకె రాయకండి. తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ, బహుశా ఇంత అని మూడూ రాయండి. చదివేవారికి ఆ వెడల్పే అసలు సమాచారం.

తాళపత్రం

లెక్కల మధ్యలో వస్తున్నాను. రాతప్రతులకు విలువలో 20 వంతులు కేటాయించారు, సరే. కానీ వాటిని ఏ వరుసలోనూ విడిగా పెట్టలేదు. కాగితాలతో పనిచేసేదాన్ని కాబట్టి నాకు ముందు కనిపించింది అదే.

పాతగోడ గారూ, ఆ నాలుగు బీరువాలు ఏ అంతస్తులో ఉన్నాయి? కింది అర నేలకు ఎంత ఎత్తులో ఉంది? నది ఎప్పుడైనా ఆ గదిలోకి వచ్చిందా?

పాతగోడ

కింది అంతస్తే. కింది అర నేలకు జానెడు ఎత్తు ఉంటుంది. మా కాలంలో నది లోపలికి రాలేదు. కానీ మీరు అడిగాక వెళ్లి చూశాను. ద్వారబంధం పక్క రాతి మీద అడ్డంగా ఒక గీత చెక్కి ఉంది, పక్కన ఏవో అంకెలు అరిగిపోయి ఉన్నాయి. ఇన్నాళ్లూ అది తాపీ మేస్త్రీల కొలత గుర్తు అనుకున్నాం. గీత నా నడుము దాకా వచ్చింది.

తాళపత్రం

అది నీటి గీత కావచ్చు. కాదని తేలేవరకూ నీటి గీతే అనుకోండి.

లెక్కలపెట్టె గారి పద్ధతిలోనే వేస్తాను. వందేళ్ల వరద: 3. నడుమెత్తు నీటికి బీరువాల్లో సగం తడుస్తాయి. సిరా కరిగే పాత కాగితం, సగం విలువ పోయిందనుకుంటే 4.7. రాతప్రతులు మొత్తంలో నూటికి 20 కాబట్టి 4.3. కూడితే 12.

అంటే మీ తొమ్మిది మంది భయపడినదానికంటే, మీరు ఒక్కరూ భయపడినదానికంటే పైన, ఎవరూ భయపడని బీరువా కూర్చుంది. దాన్ని కిందికి దించడానికి ఇంజినీరు అక్కర్లేదు, నలుగురు మనుషులు చాలు.

పారిస్‌లో 2016 జూన్‌లో సీన్ నది 6 మీటర్లు దాటినప్పుడు లూవ్ర్ మ్యూజియం తలుపులు మూసి, నేలమాళిగల్లోని కళాఖండాలను పై అంతస్తులకు చేరవేసింది. 72 గంటల్లో ఏం చేయాలో, ఏది ముందు కదలాలో ముందే రాసి పెట్టుకున్నారు, కసరత్తు చేసుకున్నారు. ఆ తర్వాత నది ఊసే లేని లియెవాన్‌లో నిల్వ కేంద్రం కట్టి 2019లో తెరిచారు. మీకు 72 గంటలు ఉంటాయనుకోకండి. రాత్రిపూట నీరు వస్తే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మొదట ఎత్తాల్సిన పది ప్రతులు ఏవి? ఆ జాబితా బీరువా లోపల పెడితే మాత్రం ప్రయోజనం లేదు.

గుమ్మటం

విలువలో ఇంత వంతు అని ఎవరు నిర్ణయిస్తారు? ఒకరికి బొమ్మలు గొప్ప, ఒకరికి పుస్తకాలు.

తాళపత్రం

ఆ తగాదా పట్టిక నింపే ముందే పడాలి. విపత్తు రోజున పడితే రెండూ పోతాయి. ఇరవయ్యా ఇరవై అయిదా అనేది పెద్ద విషయం కాదు, సంవర్గమానంలో అది చాలా చిన్న తేడా. పది మంది కూర్చుని ఒప్పుకున్నారా అన్నదే విషయం.

నదివాలు

ఈ పట్టికల మీద నా అసలు కోపం ఇప్పుడు చెప్పనివ్వండి. వరుసలు వరుసలుగా రాస్తాం, ఒక వరుసకు ఇంకో వరుస తెలియనట్టు. గోరుచుట్టు మీద రోకటి పోటు అనే సంగతి పట్టికకు తెలియదు. లిస్బన్, 1755 నవంబరు 1. ముందు భూకంపం, కాసేపటికి సముద్రపు అలలు, ఆపైన రోజుల తరబడి మంటలు. కుదుపుకు నిలిచినవాటిని మంట తిన్నది. దాన్ని ఏ వరుసలో రాస్తాం?

ఇండొనేషియాలో బోరోబుదూర్ చూడండి. 2010లో మెరాపి అగ్నిపర్వతం బూడిద కురిసింది. బూడిదకు రాయి కూలదు. కానీ ఆ బూడిద ఆమ్ల గుణంతో రాతిని తింటుంది, వాననీరు పోయే కాలువల్లోకి దిగి పూడుస్తుంది. గుట్ట మీద కట్టిన కట్టడంలో నీరు నిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బూడిద తుడవడంతో ఆగకుండా, రాళ్లు ఊడదీసి లోపలి కాలువలు శుభ్రం చేయాల్సి వచ్చింది. 2014లో కెలుద్ అగ్నిపర్వతం పేలినప్పుడు స్తూపాల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పారు. ఒక దెబ్బతో నేర్చుకున్నారు.

పాతగోడ గారి దగ్గర కూడా అంతే. తడిసిన గోడ అడుగున సున్నం పట్టు సడలుతుంది. భూమి కదిలినప్పుడు మొదట తెగేది అక్కడే. లెక్కలపెట్టె గారు భూకంపానికి నష్టం 30 వంతులని వేశారు. గోడ పొడిగా ఉండి ఉంటే 10 వేసేవారేమో.

లెక్కలపెట్టె

వేసేవాడినే. ఒప్పుకుంటున్నాను. గోడను పొడిగా ఉంచితే తడి వరుస 11.5 నుంచి దిగుతుంది, దాంతో పాటు భూకంపం వరుస కూడా 11.8 నుంచి 11.3 వైపు జరుగుతుంది. పట్టిక ఇచ్చినవారు అడగకపోయినా చివర ఒక గడి గీసి, "ఈ ముప్పు తగ్గితే ఇంకా ఏవి తగ్గుతాయి" అని రాయండి.

సున్నంబట్టీ

గుమ్మటం అడుగున చుట్టూ పగుళ్లు ఉన్నాయా? ఉంటే ఇప్పుడే పూడ్చకండి. పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలక అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ వేయండి. గాజు పగిలితే గోడ కదులుతోంది. పగలకపోతే పాత గాయం. ఒక ఏడాది చూడండి, రెండు వానకాలాలు చూస్తే ఇంకా మంచిది.

వెయ్యేళ్లు

నేను ఊరుకున్నానని ఓడిపోయాననుకోకండి. కేదారనాథ్ సంగతి ఏమంటారు? 2013 జూన్‌లో చోరాబారీ సరస్సు తెగి ఊరంతా కొట్టుకుపోయింది. గుడి నిలిచింది. వెనక ఒక పెద్ద బండ వచ్చి ఆగి, ప్రవాహాన్ని రెండుగా చీల్చింది.

నదివాలు

గుడి గట్టిదే, సందేహం లేదు. కానీ ఆ బండను ఎవరూ కట్టలేదు. అంచనా రాసేవాడు బండ వస్తుందని రాయకూడదు.

లెక్కలపెట్టె

వెయ్యేళ్లు గారికి నచ్చే ఉదాహరణ ఒకటి నా దగ్గరుంది. రోమ్‌లో కొలోసియం. 1349 భూకంపానికి దక్షిణం వైపు బయటి గోడ పడింది, ఉత్తరం వైపు నిలిచింది. ఒకే కాలపు కట్టడం, ఒకే పనితనం. దక్షిణపు సగం కింద ఉన్నది పాత వాగు తెచ్చిన వండలి మట్టి. మెత్తటి నేల కుదుపును పెంచుతుంది. దేశ పటంలో రంగు చూసి టిక్కు పెట్టేవారు గుర్తుంచుకోవాలి, ఒకే కట్టడానికి రెండు వైపులా రెండు ముప్పులు ఉండవచ్చు. పాతగోడ గారూ, మీ ఉత్తరపు గోడ నది వైపా?

పాతగోడ

నది వైపే.

సమన్వయకర్త

చర్చ బాగుంది. కేదారనాథ్ మీద విడిగా వచ్చిన పదకొండు జాబులను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ అంచనా గురించే రాయండి.

తాళపత్రం

ఒక్క మాట. ఈ గుర్తుల్లో ఎక్కడా మనుషులు లేరు. ఏ-బీ-సీ వస్తువుల విలువను కొలుస్తుంది, లోపల నిలబడ్డవారిని కాదు. అసిసిలో 1997 సెప్టెంబరు 26 తెల్లవారకముందు ఒక కుదుపు వచ్చింది. పొద్దున నష్టం ఎంతో చూద్దామని లోపలికి వెళ్లారు. మధ్యాహ్నానికి కాస్త ముందు అంతకంటే పెద్దది వచ్చింది. కప్పు పడి నలుగురు చనిపోయారు, ఇద్దరు సన్యాసులు, ఇద్దరు నిపుణులు. బొమ్మల ముక్కలను ఏళ్ల తరబడి ఏరి అతికారు. కుదుపు తర్వాత ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడిగి లోపలికి వెళ్లాలి అన్నది మీ పత్రంలో మొదటి పేజీలో ఉండాలి. ప్రేమ ఉన్నవాళ్లే ముందు పరిగెత్తుతారు.

గుమ్మటం

పిడుగు, కార్చిచ్చు వరుసల గురించి ఎవరూ మాట్లాడలేదు.

సున్నంబట్టీ

పిడుగుకు రాగి తీగ, భూమిలోకి సరిగా దిగిందో లేదో ఏటా ఒక పరీక్ష. కార్చిచ్చుకు చుట్టూ ఎండు గడ్డి కోయించడం. 2007 ఆగస్టులో గ్రీస్‌లో మంటలు ఒలింపియా శిథిలాల అంచు దాకా వచ్చాయి. అక్కడ అడవి పక్కనే ఉంది. మీ చుట్టూ అడవి లేకపోతే "తక్కువ" పెట్టి ముందుకు సాగండి. అన్నిటికీ సమానంగా భయపడితే ఏ పనీ కాదు.

పాతగోడ (మూడు వారాల తర్వాత)

జవాబు ఆలస్యమైంది, మన్నించండి.

వాన పడుతుండగా గొడుగు పట్టుకుని ఉత్తరపు గోడ దగ్గర అరగంట నిలబడ్డాను. ఇన్నేళ్లలో ఎవరమూ వానలో అక్కడ నిలబడలేదు. చదును కప్పు నీరంతా పడమటి మూలన ఉన్న ఒకే తూము వైపు వస్తోంది. కాంక్రీటు వేసినప్పుడు మిగతా రెండు తూములు మూసుకుపోయినట్టున్నాయి. ఉన్న ఒక్కదానిలో ఒక రావి మొలక, దాని వేళ్లకు చిక్కిన ఆకులు. నీరు పొంగి గోడ మీదుగా కారుతోంది. పైకి ఎక్కే తడి సరే, పై నుంచి దిగే తడి ఇంత ఉందని ఎవరం అనుకోలేదు.

మొలకను పీకబోతే సున్నంబట్టీ గారు విడిగా రాసిన జాబు గుర్తొచ్చి ఆగాను. పీకితే వేరుతో పాటు ఇటుక వస్తుందట. మొదలు దాకా కోసి, తెలిసిన మనిషి కోసం చూస్తున్నాం. ఆకులు తీసేశాం. మూసుకుపోయిన తూములు తెరిపించడానికి, కింది సిమెంటు పూతను కొద్దికొద్దిగా వొలిపించడానికి అంచనాలు అడిగాం. కాంక్రీటు తీయడం పెద్ద పని, ఇంజినీరు చూడకుండా ముట్టుకోం.

బీరువాలు మేడ మీది తూర్పు గదిలోకి మారాయి. కారని గది అదొక్కటే. నలుగురు మనుషులు, ఒక పూట. మొదట ఎత్తాల్సిన పది ప్రతుల జాబితా దగ్గర రెండు సాయంత్రాలు గొడవ పడ్డాం, చివరికి పన్నెండు అయ్యాయి. మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉన్నాయి.

గుమ్మటం అడుగున రెండు పగుళ్లకు గాజు పలకలు అతికించాం. ఒకటి తొమ్మిదో రోజున పగిలింది. అది ఉత్తరం వైపుది. సున్నంబట్టీ గారూ, ఇప్పుడు ఎవరిని పిలవాలి?

ఇక పట్టిక. మూడు గడుల్లో టిక్కులు పెట్టలేదు. ప్రతి వరుసలోనూ మూడేసి అంకెలు రాసి, కింద చేత్తో రెండు వరుసలు గీసి "గోడ తడి" అని, "కింది అంతస్తులో బీరువాలు (మార్చాం)" అని చేర్చి పంపాం. నిర్ణీత నమూనాలో లేదని నిన్న తిప్పి పంపారు. అవే అంకెలతో మళ్లీ పంపుతున్నాను, ఈసారి లెక్కలపెట్టె గారి లెక్కను కూడా జత చేసి.

సున్నంబట్టీ

పగిలిన గాజు ఫోటో పెట్టండి. ఏ వైపు ఎంత జరిగిందో అంచుల్లో కనిపిస్తుంది. ఈలోగా గుమ్మటం కింద ఎవరినీ కూర్చోనివ్వకండి.